పంపుగదిలో మటియాసి కల

వచ్చిన కల నలుగురికీ చెప్పందే మటియాసి ముఖం కడుక్కోడు. కల రాని రోజూ లేదు. మలావీ సరస్సు ఒడ్డున సర్కారు నీళ్ళపంపుల దగ్గర ఆయనకి వాల్వులు తిప్పే పని. మనసు మాత్రం ఎక్కడో పొగమంచులో తిరుగుతుండేది.

"రాత్రి చంబో చేపలు టైలు కట్టుకుని మీటింగు పెట్టాయర్రా!"

"నిన్ను తినెయ్యలేదా మావయ్యా?" అనేవాడు తోటి పనివాడు ఫోస్టినో.

"అధ్యక్షుణ్ణి ఎవరైనా తింటార్రా?"

పంపులు నడిపే ఎనెలేసి గంజి చల్లారిపోతోందని తిట్టుకుంటూనే చివరిదాకా వినేది.

ఆ ఏడు క్లోరిన్ ఘాటు ఆపే మాస్కులు రాక అందరికీ దగ్గులు పట్టుకున్నాయి. సమ్మె అన్నారు. తాగునీటి పనివాళ్ళు ముందుగా నోటీసివ్వకుండా పని మానేస్తే చట్టం ఊరుకోదు, ఉద్యోగం ఊడుతుంది.

"దగ్గు నోటీసిచ్చి వచ్చిందా?" అంటూ ఎనెలేసి అందరికంటే ముందు చెయ్యెత్తింది. ఆమె ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ ఒక్క ఉద్యోగంతోనే.

మర్నాడు పొద్దున్నే అందరూ గేటు బయటే ఆగిపోయారు. మంచులో పడవలు గాల్లో తేలుతున్నట్టున్నాయి. ఇంతలో కబురొచ్చింది: లేబర్ ఆఫీసరు బయల్దేరాడు, పనిచోట లేనివాళ్ళ పేర్లు రాసుకుంటాడట. ఎనెలేసి గేటువైపు ఒకడుగు వేసి ఆగింది. కానీ మొదట చెయ్యెత్తిన మనిషి, అందరి ముందూ వెనక్కెలా నడుస్తుంది?

మటియాసి గొంతు సవరించుకున్నాడు. "రాత్రి సరస్సు చెప్పులేసుకుని మా ఇంటికొచ్చింది. మటియాసీ, ఒక్క మాట అడగాలి అంది..." అని ఆగాడు. "మిగతాది లోపల చెబుతా."

"ఇవాళ సమ్మె మావయ్యా!"

"చేసుకోండి. పంపులకి చెప్పుకుంటాను."

వెళ్ళిపోయాడు. ముందు ఫోస్టినో కాళ్ళు కదిలాయి. "అదేం అడిగిందో వినేసి వచ్చేద్దాం." వెనకే అందరూ.

లోపల పంపుల హోరు. మటియాసి అటూ ఇటూ తిరుగుతూ ఒక్కొక్కరికీ ఒక్కో ముక్క చెప్పాడు. "నీ చోట నువ్వు నిలబడితేనే నీ ముక్క!" ఎనెలేసి చెయ్యి అలవాటుగా మీట మీదకి పోయింది.

ఆఫీసరు వచ్చి చూస్తే ఎవరి పనిలో వాళ్ళున్నారు. రాసుకోడానికి ఒక్క పేరూ దొరకలేదు. కల చివరి ముక్క విని, "తర్వాతేమైంది?" అని ఆయనే అడిగాడు.

ఆ సాయంత్రమే పనివాళ్ళు పద్ధతిగా సమ్మె నోటీసిచ్చారు. గడువు తీరేలోపే మాస్కులొచ్చాయి.

మాస్కు సర్దుకుంటూ ఎనెలేసి నిలదీసింది: "మావయ్యా, ఇంతకీ సరస్సు ఏమడిగింది? చెప్పకుండా మింగేశావు!"

"నాకేం తెలుసే? నీ ఉద్యోగం పోతుందన్న దిగులుతో ఆ రాత్రి కన్నంటుకుంటే కదా, కల రావడానికి!"

మటియాసి పెద్దగా ఆవలించి వాల్వు మీద తల ఆనించాడు.

"ఉండు, ఇప్పుడు కునుకు తీసి అడిగొస్తాను."