అంచు గడి

ఆఫీసులో ఆమెను అందరూ నీళ్ళక్క అంటారు. మంచినీళ్ళు అందించే ఉద్యోగం అనుకునేరు, కాదు. ఉపగ్రహం తీసిన ఫోటోల్లో చెరువులూ కుంటలూ ఎక్కడున్నాయో చూసి నీలం రంగు వేయడం ఆమె పని. ఇదివరకు అంతా తనే గీసేది. ఇప్పుడు యంత్రం గీసేసి, తప్పులన్నీ ఈమె నెత్తిన పడేస్తుంది. ఫోటోలో నీళ్ళు నల్లగా కనిపిస్తాయి. కొండ నీడా నల్లగానే ఉంటుంది, మేఘం నీడా అంతే. ఆ మొద్దు యంత్రానికి అన్నీ చెరువులే. పొద్దున్నుంచీ ఆ నీడల్ని ఏరిపారేసేసరికి ఆమెకు తల ప్రాణం తోకకొస్తుంది.

ఫోటో అంతా చిన్న చిన్న గళ్ళు. ఒక్కో గడిలో ఒక చిన్న ఇల్లు పడుతుంది. చెరువు నడుమ గళ్ళతో పేచీ లేదు, అంచు గళ్ళతోనే చావు. సగం నీళ్ళు, సగం నేల, ఏదీ తేలదు. వాటి సంగతి పెద్దసారు ఆమె చేరిన కొత్తలోనే తేల్చేశాడు.

"అనుమానమొస్తే నీళ్ళకే వేసెయ్యమ్మా. ఆలోచిస్తూ కూర్చుంటే ఈ జన్మకి తెమలదు."

ఆమె అలాగే వేసేసింది. ఎన్ని వేసిందో ఆమెకే తెలియదు.

ఈ ఏడు పని ఇంకో రకం. చెరువులు ఒకప్పుడు ఎంతదాకా ఉండేవో పాత ఫోటోలు చూసి గీయాలి. ఆ గీత లోపల పడ్డ ఇళ్ళు ఖాళీ చేయిస్తారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసినా అదంతా తెర అవతలి వ్యవహారంలాగే ఉండేది.

ఒక మధ్యాహ్నం పాత ఫోటో ఒకటి తెరిచి, దానిమీద ఇప్పటి వీధుల గీతలు పరిచింది. మలుపు, మలుపు దగ్గర నీళ్ళ ట్యాంకు, ట్యాంకు వెనక సందు. తమ సందే. మొగుడూ పెళ్ళాలు కడుపు కట్టుకుని కట్టుకున్న ఇల్లు సరిగ్గా అంచు గడిలో ఉంది, సగం నలుపు, సగం బూడిదరంగు. నేలకు వేసినా అడిగేవాడు లేడు, నీళ్ళకు వేసినా అంతే. మౌస్ మీద వేలు పెట్టి తీసేసింది. తలనొప్పని చెప్పి పెందలాడే బయటపడింది. అబద్ధమేమీ కాదు, తల నిజంగానే పగిలిపోతోంది.

ఇంటికొచ్చేసరికి వాన వెలిసింది. బస్సు డ్రైవరు పని చేసే భర్త వంటగదిలో గొంతుక్కూర్చుని, నేలలోంచి ఊరిన నీళ్ళు గుడ్డతో అద్ది బకెట్లోకి పిండుతున్నాడు. వానపడ్డప్పుడల్లా ఉండే భాగోతమే.

"ఆ మేస్త్రీ గాడు కనిపించనీ, చెప్తా వాడి పని."

"మేస్త్రీ తప్పేం లేదు," అంటూ ఆమె గుమ్మానికి ఆనుకుంది. "ఇక్కడ ఒకప్పుడు..."

"నీళ్ళు నమలకుండా చెప్పవే, నడుం పడిపోతోంది."

చెప్పింది. గడి, గీత, ఖాళీ చేయించడం, అన్నీ. అతను పిండటం ఆపి విన్నాడు.

"అయితే ఇల్లు ఉండటం, పోవటం నీ చేతిలోనే ఉందన్నమాట."

"ఊఁ."

"ఇలాంటివి ఇదివరకూ వచ్చాయా?"

"బోలెడు."

"అప్పుడేం చేశావు?"

"నీళ్ళకే వేసేశాను."

అతను గుడ్డ బకెట్ అంచున వేశాడు.

"మరి దీన్నొక్కదాన్నే ఎందుకు ఇంటికి మోసుకొచ్చావు?"

కోపంగా అని ఉంటే ఆమె కూడా నాలుగు అనేసి తేలికపడేది. అతను అలసిపోయిన గొంతుతో అడిగి, మళ్ళీ గుడ్డ నేలమీద పరిచాడు. ఆమెకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఇంకో గుడ్డ తెచ్చుకుని అతని పక్కనే చతికిలబడింది. ఇద్దరూ కలిసి నేలంతా తుడిచారు.

మర్నాడు ఆ గడికి నీలం వేసింది. ఏడుద్దామన్నా ఓపిక లేదు.

తర్వాతి ఫోటో ఏదో ఊరిది. అంచు గడి, సగం నలుపు, సగం బూడిదరంగు. వేలు అలవాటుగా కదలబోయి ఆగింది. ఆ ఊరి పంచాయతీ ఆఫీసు నంబరు వెతికి ఫోన్ చేసి, గడి ఎక్కడ పడిందో చెప్పింది.

"అక్కడ ఎవరుంటున్నారో కాస్త చూసి చెప్తారా?"

"ఎవరుంటే మీకేంటండీ?" అవతలి గొంతు విసుక్కుంది. "మీకు కావలసింది నీళ్ళేగా?"

"కనుక్కోండి," అంది నీళ్ళక్క. "నేను ఫోన్ పెట్టను."