మరిగే నీళ్ల దగ్గర ఆవిరమ్మ

ఆపరేషన్ థియేటర్లో ముప్ఫై ఒక్క ఏళ్లు కత్తులకూ కత్తెరలకూ ఆవిరి పట్టించిన మనిషికి పాలసీసా కడగడం ఒకరు నేర్పాలా? నేర్పబోయినవాళ్లు లేకపోలేదు. పక్కవాటా ఆవిడ ఒకరోజు గుమ్మంలో నిలబడి, "అంతసేపు మరిగించాలంటారా వదినగారూ?" అని నోరు జారింది. దానికి వచ్చిన జవాబు విన్నాక పాపం, వారం రోజులపాటు మళ్లీ ఈ గడప తొక్కలేదు.

ఆస్పత్రిలో అందరూ ఆవిడను ఆవిరమ్మ అనేవారు. అసలు పేరు జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తొచ్చేది కాదు. తన చేతి మీదుగా వెళ్లిన కత్తుల పళ్లెం వల్ల ఒక్క కుట్టుకైనా చీము పట్టలేదని ఆవిరమ్మ పదిమందికీ చెప్పుకునేది. చెప్పుకోవద్దూ మరి? ఆవిడ ఉద్యోగం నుంచి రిటైరైన రెండో నెలలో కూతురికి కాన్పయింది. వెంటనే జ్వరాలు పట్టుకుని కూతురి పాలు ఇంకిపోయాయి. పాపకు డబ్బాపాలే గతి అయ్యాయి. ఆవిరమ్మ కొంగు బిగించింది.

"సీసాల సంగతి నాకొదిలెయ్. నువ్వు దాని నోట్లో పెట్టు, చాలు," అంది కూతురితో.

ఆ రోజు నుంచి వంటింట్లో సగం గట్టు ఆవిడది. అక్కడ ఇంకెవరూ చెయ్యి పెట్టకూడదు. పాప తాగిన సీసాను ముందు చన్నీళ్లతో కడగాలి, తర్వాత సబ్బునీళ్లలో బ్రష్ వేసి తిప్పాలి, రబ్బరు పాలపీకను తిరగేసి లోపలంతా వేలితో రుద్దాలి. ఆపైన సీసా, మూత, పీక, పట్టకారు అన్నీ ఒకే గిన్నెలో పడాలి. నీళ్లు తెర్లడం మొదలయ్యాక ఇరవై నిమిషాలు. ఆస్పత్రిలో ఉక్కు సామానుకు ఆ లెక్కే ఉండేది. ఉక్కుకు ఏ న్యాయమో రబ్బరుకూ అదే న్యాయం అనుకుంది ఆవిరమ్మ.

ఇంకో పట్టుదల కూడా ఉంది. లోకంలో తల్లులందరూ సీసాను వంచి మణికట్టు మీద నాలుగు చుక్కలు వేసుకుని వేడి చూస్తారు. అదంటే ఆవిడకు ఒళ్లుమంట. మరిగించిన పీక నేరుగా పాప నోట్లోకే వెళ్లాలి గానీ మధ్యలో దాని మూత తియ్యడమేమిటి? అందుకని సీసాను చెంపకు ఆనించుకుని వేడి చూసి, మూతతోనే కూతురి చేతికిచ్చేది.

పాపకు రెండు నెలలు నిండబోతుండగా తూకానికి తీసుకెళ్లారు. నర్సు ముల్లు చూసి, కార్డు చూసి, మళ్లీ ముల్లు చూసింది. పదిహేను రోజుల్లో పాప పెరిగింది నూరు గ్రాములు కూడా లేదు. పిల్లల డాక్టరు చిన్నవాడు, నిన్నమొన్న చదువు ముగించినట్టున్నాడు. పాప కడుపు నొక్కి చూసి, "సీసాలు సరిగ్గా మరిగిస్తున్నారా అమ్మా?" అని అడిగాడు.

ఆ ప్రశ్న ఎవరినడుగుతున్నాడో ఆ అబ్బాయికేం తెలుసు! ఆవిరమ్మ మొహం కందగడ్డ అయింది.

"సోమవారం తీసుకురండి. అప్పటికీ పెరగకపోతే చేర్చుకుని చూద్దాం," అన్నాడాయన.

చేర్చుకోవడమంటే ఏమిటో ఆవిడకు బాగా తెలుసు. అంత చిన్న చేతికి నరం దొరక్క ఎన్నిసార్లు పొడుస్తారో తెలుసు. ఇంటికొచ్చేదాకా ఒకటే ఆలోచన. ఎక్కడో తనే ఏదో వదిలేసింది, కంటికి కనపడని పురుగు ఏదో సీసాలో దాక్కుంది. అలా అనుకుని ఇరవై నిమిషాలను నలభై చేసింది.

ఇక ఆవిడకు నిలకడ లేదు. కాలుగాలిన పిల్లిలా వంటింట్లోంచి పాప దగ్గరకూ పాప దగ్గర్నుంచి వంటింట్లోకీ తిరగడమే పని. పాప చీకుతుంది, చీకుతుంది, చెమటలు కక్కుతుంది, గుక్కపట్టి ఏడుస్తుంది, ఏడ్చి ఏడ్చి సోలిపోయి నిద్రపోతుంది. సీసాలో పాలు మాత్రం సగానికి పైనే మిగిలిపోతాయి. "కడుపులో ఏదో ఉంది, అందుకే తాగట్లేదు," అనేది ఆవిరమ్మ. పీక పట్టకారుకు బంకగా అంటుకుంటే పాలజిడ్డు ఇంకా వదల్లేదనుకుని మళ్లీ నీళ్లలో పడేసేది.

"అత్తయ్యా, మీ ఆవిరికి గోడ సున్నం పెచ్చులూడుతోంది," అన్నాడు అల్లుడు ఒక ఉదయం, గడియారాల షాపుకు బయల్దేరుతూ.

"ఊడనీ బాబూ. సున్నం మళ్లీ వేయించుకోవచ్చు."

"నన్ను కూడా ఓసారి ఆ గిన్నెలో ముంచి తియ్యండి. ఇంటికొచ్చినప్పుడల్లా పాపను ముట్టుకోవద్దంటున్నారుగా!"

"పట్టే గిన్నె ఉంటే ముంచేదాన్నే," అంది ఆవిడ. నవ్వలేదు. అల్లుడూ నవ్వలేక చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

గురువారం మధ్యాహ్నం కూతురు తలస్నానానికి వెళ్లింది. అంతలో పాప లేచి ఏడుపు లంకించుకుంది. ఆవిరమ్మ అప్పుడే తీసిన సీసాలో పాలు కలిపి, పాపను ఒళ్లో వేసుకుని కూర్చుంది. ఇన్నాళ్లూ స్టవ్ దగ్గర నిలబడడమే గానీ, కూర్చుని పాలు పట్టిందే లేదు.

పాప ఆబగా అందుకుంది. చిన్న దవడలు టకటకా ఆడుతున్నాయి. నుదుటి మీద చెమట బొట్లు కట్టింది. ఆవిరమ్మ చూపు సీసా మీద పడింది. పాలు తాగుతుంటే సీసాలో బుడగలు పైకి రావాలి కదా? ఒక్కటీ లేదు. పాల మట్టం ఎక్కడిదక్కడే ఉంది.

సీసా లాక్కుని తలకిందులుగా పట్టుకుంది. చుక్క రాలేదు. విదిలించింది. రాలేదు. ముప్ఫై ఒక్క ఏళ్లలో మరిగించిన వస్తువును చేత్తో కూడా తాకని ఆవిరమ్మ, ఆ పీకను తన నోట్లో పెట్టుకుని చీకింది. బుగ్గలు లోపలికి పోయేలా, దవడలు నొప్పిపుట్టేలా చీకింది. ఎంతసేపటికో ఒక్క బొట్టు నాలికకు తగిలింది. మరిగి మరిగి ఉబ్బిన రబ్బరు బంకలా అతుక్కుని, ఉన్న చిన్న చిల్లు కాస్తా పూడుకుపోయింది.

"ఒసేయ్, ఇలా రా! తొందరగా రా!"

కూతురు తడితలతో పరుగెత్తుకొచ్చింది.

"పాలు రావట్లేదే తల్లీ! పీకలోంచి పాలే రావట్లేదు. పాపకు ఏ జబ్బూ లేదు. నేనే ఆ రబ్బర్ని ఉడికించి ఉడికించి పాడుచేశాను. నా చేతులారా పసిదాని కడుపు మాడ్చాను!"

కూతురు పాపను తీసుకుని చెంచాతో పాలు పోయబోయింది. పాప ఏడుపులో సగం చెంపల మీదే కారిపోయాయి. ఫోన్ చేస్తే అల్లుడు షాపు వదిలేసి కొత్త పీకలు పట్టుకొచ్చాడు. అట్టపెట్టె వెనక రాసింది పైకి చదివాడు: అయిదు నిమిషాలకు మించి మరిగించరాదు.

కొత్త పీక మరిగిన ఆ అయిదు నిమిషాలు ఆవిరమ్మ పడ్డ నరకం పగవాళ్లకు కూడా వద్దు. ఒకపక్క పాప ఏడుపు వింటుంటే ఇప్పుడే తీసెయ్యాలనిపిస్తోంది. మరోపక్క ఇంత కాస్త ఆవిరికి ఏ పురుగు చస్తుందని చెయ్యి వెనక్కి లాగుతోంది. అయిదో నిమిషం అవగానే కళ్లు మూసుకుని స్టవ్ కట్టేసింది.

కొత్త పీక నోటికందగానే సీసాలో బుడగలు ఒకదాని వెనక ఒకటి పైకి లేచాయి. గుటకల చప్పుడు గదంతా వినపడింది. ముగ్గురూ సీసా వైపే చూస్తున్నారు. చూస్తుండగానే సీసా ఖాళీ అయింది. పాప ఇంకా కావాలని గుక్కపట్టింది.

"ఇంకోటి కలుపమ్మా," అంది కూతురు.

"నేనే కలపనా?"

"మరింకెవరు కలుపుతారు? తొందరగా కలుపు, ఏడుస్తోంది."

ఆవిరమ్మ వంటింట్లోకి వెళ్లి డబ్బా మూత తీసింది. ఒక చెంచా వేసింది. రెండో చెంచా ముంచింది. లోపల పాప ఏడుస్తోంది. ఆ ఏడుపు కొత్తది కాదు. ఇన్ని రోజులూ కడుపులో జబ్బు అనుకుని విన్నది అచ్చం ఈ ఏడుపే. పూటపూటా అది ఆకలే అని చెబుతూనే ఉంది, తను స్టవ్ దగ్గర నిలబడి నిమిషాలు లెక్కపెడుతూ ఉంది. ఆవిడ కళ్లు మసకబారి, వేసింది రెండు చెంచాలో మూడో తెలియలేదు. సీసాలోది పారబోసి, ముక్కు చీది, చేతులు కడుక్కుని మళ్లీ మొదట్నుంచి కలిపింది.