గోపురం గడపకు అమ్మమ్మ పసుపు

విక్టోరియా రాణి కాలంలో ఆ టౌన్‌హాల్‌ని ఎవరు కట్టినా, దాని గడియారం గోపురం ఇవాళ్టికీ కూలకుండా నిలబడి ఉందంటే అది మా అమ్మమ్మ జయంతి నోటి చలవే.

అమెరికాలో పిస్కాటవే దగ్గరి మా చిన్న ఊళ్ళో ప్రతి శనివారం ఆవిడే జనానికి ఆ భవనం చూపిస్తుంది. పాత చెక్క హాలు తగలబడితే ఊరివాళ్ళు చందాలేసుకుని ఎర్ర ఇటుకతో కట్టుకున్నారనీ, కింద జైలుగది, పైన డాన్సుల హాలు ఉండేవనీ చెబుతూ, పోత ఇనుప స్తంభాలన్నిటినీ సొంత మనవల వీపుల్లా తట్టుకుంటూ నడుస్తుంది.

అలాంటి చోటికి దేశానికి ఆ చివరనున్న శాన్ రామన్ నుంచి లీలావతి గారు దిగారు. కొత్త వాలంటీరు. ఓక్ చెక్క నేల గీసుకుపోతుందని సభామందిరం గుమ్మంలో అందరిచేతా చెప్పులు విప్పించారు. జనం మురిసిపోయారు. ఈ ఆలోచన తనకెందుకు తట్టలేదా అని అమ్మమ్మకి అన్నం సయించలేదు. పైగా వార్షికోత్సవం నాడు జనాన్ని గోపురం ఎక్కించేది ఒక్కరే. ఆ గోపురం తాళంచెవి ఎవరికివ్వాలో కమిటీ వచ్చే శనివారం తేలుస్తుందట.

ఆ శనివారం అమ్మమ్మ అందరికంటే ముందు వెళ్ళి, గోపురం మెట్ల దగ్గరున్న ఇసుకరాతి గడపకి నిండుగా పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టింది.

జనం వచ్చి ఫోన్లు తీశారు. "బ్యూటిఫుల్! లీలా, ఇదీ నీ ఐడియానేనా?" అని అడిగారు. లీలావతి గారు అవుననలేదు, కాదననూ లేదు. ముసిముసిగా నవ్వి ఫోటోకి నిలబడ్డారు.

అమ్మమ్మకి ఒళ్ళు మండిపోయింది.

"ఏంటి వదినగారూ ఆ నవ్వు? మీ ఇంటి పసుపా అది?"

"నేనేమన్నాను వదినా! వాళ్ళే అనుకుంటున్నారు."

"అనుకుంటే కాదని చెప్పరా?" అని, అందరికీ వినబడేలా అరిచింది అమ్మమ్మ. "ఐ డిడ్ ఇట్! ఓన్లీ మీ!"

అప్పటికే కమిటీ అధ్యక్షురాలు వెనకాలే నిలబడి గడపని చూస్తోంది. ఆ పాత రాయిని సబ్బుతో కడగడానికి కూడా వాళ్ళు జంకుతారు. అది పసుపుని హాయిగా తాగేసింది. తాళంచెవి లీలావతి గారికి వెళ్ళింది, అమ్మమ్మ చేతికి మెత్తటి బ్రష్షు వచ్చింది. సాయంత్రం దాకా రుద్దినా రంగు వదల్లేదు.

ఇంటికి వస్తూ కార్లో నేనన్నాను: "అమ్మమ్మా, ఇంకొక్క నిమిషం ఊరుకుని ఉంటే తిట్లు ఆవిడకీ, తాళంచెవి నీకూ వచ్చేవి కదా?"

"వస్తే రానీ. నా పసుపు పక్కన ఆవిడ ఫోటో దిగుతుంటే చూస్తూ నిలబడ్డానికి నేనేమన్నా నీలాంటి మొద్దునా? నోర్మూసుకుని డ్రైవ్ చెయ్యి."