రెండు చెరువులు, ఒకటే బంతి

చీడికాడలోని మా పొలంలో చేపల చెరువు తవ్వించాలా వద్దా అని తేల్చుకోవడానికే ఈ ప్రయాణం. చోడవరం నుంచి దేవరాపల్లి వెళ్లే దారిలో మా అక్క వాళ్ల ఊరు. బావ అప్పలనాయుడు చెరకు మాని, ఉన్న పొలమంతా రెండు చెరువులు చేసి, మీసాలుండే పంగస్ చేపలు వేశాడు. ఒకదానికి ఇక్కడి తవుడు, వేరుశెనగ చెక్క. రెండోదానికి విదేశం నుంచి దిగే గుళికల మేత. కొన్ని నెలలకి రెండింట్లో చేపలూ సమానంగా పెరిగాయి. ఇంకెందుకు దండగని గుళికలు మానేసి, అన్నిటికీ తవుడే వేస్తున్నానని బావ ఫోన్ చేశాడు. విని ఎగిరి గంతేశాను గానీ, చూడటానికి బయల్దేరేసరికి ఇంకో నాలుగు నెలలు గడిచాయి.

విశాఖ కాంప్లెక్స్‌లో పొద్దున్నే బస్సెక్కితే సబ్బవరం మీదుగా చోడవరానికి రెండు గంటలు. టిఫిన్ అక్కడే కానిచ్చేయండి, ముందుకెళితే టీ కూడా అనుమానమే. షేర్ ఆటోకి ముప్పై రూపాయలిచ్చాను. "నాయుడుగోరి సెరువులకా బాబూ? ఆ సేపలు కొనీవోడే లేడంట కదా" అన్నాడు డ్రైవరు. ఊళ్లో వాళ్ల ఏడుపులే అనుకున్నాను.

గట్టు మీద బావ వల లాగి చూపించాడు. చేపలకి తలలే ఉన్నాయి, ఒళ్లు లేదు. వ్యాపారి వచ్చి చూసి, వద్దని వెళ్లిపోయాడట. మళ్లీ చెరకు వేద్దామంటే, తవ్విన పైమట్టంతా ఇటుకల బట్టీకి పోయింది.

"అదే తవుడు, అదే సెక్క. మొదట్లో పెరిగినాయి కదరా సూరీ! ఇప్పుడేటొచ్చింది ఈటికి?" అన్నాడు.

మజ్జిగ తెచ్చిన అక్క గతుక్కుమంది. "మేత ఏసింది నానే కదా. ఒకే బంతిలో వలపక్షమేటని, గుళికలూ తవుడూ కలిపి రెండు సెరువులకీ సెరిసగం ఏసీదాన్ని."

"ముందే సెప్పొద్దేటే?"

"నువ్వడిగేవా?"

బావ కేకలేస్తాడనుకున్నాను. వల అక్కడే వదిలేసి గట్టు మీద కూలబడ్డాడు. అక్క గ్లాసు పక్కన పెట్టి, ఏడవడం మొదలుపెట్టింది.

తిరుగు బస్సులో నాకూ దుఃఖం ఆగలేదు. వడ్డనలో తేడా చూపిస్తే పాపమని మా అమ్మ నేర్పిన మాటే అక్క పాటించింది. తవుడొక్కటే చాలదని తేలింది గానీ, గుళికలు ఎంత కలిపితే సరిపోతుందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. తెలుసుకోవడానికి వాళ్లకి ఇంకో పంటా లేదు, వెనక్కెళ్లడానికి పొలమూ లేదు. మీరూ ఇలాంటి చెరువులు చూడటానికి వెళితే చేపల్ని తూచే ముందు, రోజూ మేత వేసే మనిషితో కాసేపు కూర్చుని మాట్లాడండి.