చాదర్ నీడలో నాయనమ్మ

మహబూబ్‌నగర్‌లో ఉదయం ఆరుంబావుకు ప్యాసింజర్ ఎక్కాను. పక్క సీట్లో, పాత శాలువాలో చుట్టిన గాజు పలక. అది మా నాయనమ్మ ఫొటో నెగెటివ్. తాతగారు స్వయంగా తీసింది. మేనత్తను కన్న మూడో రోజునే నాయనమ్మ పోయింది. ఆ తరువాత తాతగారు పలకను ముట్టలేదు. వెలుతురుకు పెడితే ముఖం నల్లగా, జుట్టు తెల్లగా కనబడుతుంది, పోలిక తెలియదు. ఎనభై దాటిన అత్తమ్మ ఇప్పటికీ తల్లి ముఖం ఎరగదు.

కోటలాంటి మా గడి పోయింది, భూములు పోయాయి. ఆడవాళ్ళ ఘోషా మాత్రం అత్తమ్మ మాటలో అలాగే ఉంది. "స్టూడియోలకు ఇయ్యకు. మా అమ్మను పరాయి మగోడు చూడొద్దు. నీ చేత్తోనే తియ్యి," అన్నది. నాకూ అదే సరి అనిపించింది. హుస్సేనీ ఆలంలో ఎవరైనా వచ్చి చేతిపనులు నేర్చుకునే ఒక మేకర్‌స్పేస్‌లో, ఎండతో నీలిరంగు ఫొటో అచ్చువేసే సైనోటైప్ పద్ధతిని ఒక్కరోజులో నేర్పుతారని తెలిసి పేరు రాయించుకున్నాను.

షాద్‌నగర్‌లో ఆస్పత్రి డ్యూటీకి వెళ్ళే ఒకామె ఎక్కింది. "సార్, గా మూట జర పైన పెట్టున్రి, కూసుంటా."

"మా నాయనమ్మ ఫొటో అమ్మా. పగులుతుంది."

"అయితే ముసలామెనే కూసోనియ్యున్రి, నేను నిలబడ్త," అని నవ్వింది. పలకను ఒళ్లోకి తీసుకుని చోటిచ్చాను.

తొమ్మిదికి కాచిగూడ. స్టేషన్ బయట ఇడ్లీ తిని ఆటో ఎక్కితే నూట ఇరవై అయింది. మేకర్‌స్పేస్ ఒక పాత ఇల్లు, మధ్యలో బండలు పరిచిన అంగణం. నేర్పేది ఆ వీధిలోనే పుట్టి పెరిగిన రెహానా గారు. మొత్తం ఆరుగురం, మగవాళ్ళం నేనూ, మలక్‌పేట నుంచి వచ్చిన రిటైర్డ్ ఉద్యోగి సత్యనారాయణ గారూ. ఆయన అచ్చువేయడానికి వేపాకులు తెచ్చుకున్నాడు.

రెండు మందులు కలిపి, మసక గదిలో కుంచెతో కాగితానికి పూసి ఆరబెట్టాలి. ఆరిన కాగితం మీద పలకను పెట్టి ఎండలో ఉంచి, తరువాత నీళ్ళలో కడగాలి. పలక కొలతకు నేను రెండు కాగితాలు పూశాను. భోజనాలయ్యాక రెహానా గారిని పక్కకు పిలిచి ఘోషా సంగతి చెప్పాను.

"మా ఇంట్ల గూడ గిట్లనే ఉండె సార్. ఫికర్ చెయ్యకున్రి," అని ఆమె ఒక చాదర్ తెచ్చి బట్టలు ఆరేసే తీగకు కట్టింది. దాని వెనక కాగితం మీద పలకను పెట్టి పన్నెండు నిమిషాలు కాపలా నిలబడ్డాను.

నీళ్ళలో వేయగానే రంగంతా కరిగిపోయింది. తెల్లకాగితం మిగిలింది.

రెహానా గారు తీగ వైపు చూసి నుదురు కొట్టుకుంది. "యా అల్లా! చాదర్ నీడ పడ్డది. నేను గూడ చూడలే." తరువాత మెల్లగా అన్నది. "ఎండ కావాల్నంటే పర్దా తియ్యాలె సార్."

రెండున్నర దాటింది. మూడయితే పక్క మేడ ఎండను మింగేస్తుంది. ఉన్నది ఒకే కాగితం. చాదర్ ముళ్ళు నేనే విప్పాను. సత్యనారాయణ గారు కుర్చీ తిప్పి గోడవైపు కూర్చున్నాడు. "నా ఆకులెట్ల వచ్చినయో ఎవరన్న చెప్పున్రి, నేనైతే తిరగ," అన్నాడు. ఆడవాళ్ళు నవ్వారు. నాకూ నవ్వొచ్చింది.

ఈసారి కాగితం ఎండలో కంచు రంగుకు తిరిగింది. నీళ్ళలో పచ్చటి మురికి వదిలింది. నీలంలోంచి ముందు ముక్కుపుడక, తరువాత కళ్ళు వచ్చాయి.

"ఇటు తిరగండి సత్యనారాయణ గారూ," అన్నాను. "మా నాయనమ్మ."

ఆయన లేచి వచ్చి, చెప్పులు విడిచి చూశాడు.

తిరుగు బండి అయిదున్నరకు. వెళ్ళదలచినవారు ఎండ బాగా ఉన్న రోజు చూసుకుని, పొద్దున్నే అచ్చు మొదలుపెట్టండి. నేను ఎన్నో ఏళ్ళకు రైల్లో నిశ్చింతగా వెనక్కి వాలి కూర్చున్నాను. ఉందానగర్ దాటాక అత్తమ్మ ఫోన్ చేసింది.

"వచ్చిందా?"

"వచ్చింది. ఎండ కోసం పర్దా తియ్యాల్సి వచ్చింది అత్తమ్మా. అక్కడున్న అందరూ చూశారు."

"ఎట్లుంది?"

"తాతగారి వైపు చూస్తూ నవ్వు ఆపుకుంటున్నది."

"కండ్లద్దాలు తుడుసుకొని కూసుంటా. జల్ది రా," అన్నది.