పచ్చబడిన పంచమం

ఆ రోజుల్లో, అంటే స్మార్ట్‌ఫోను కొత్తగా చేతికొచ్చి, అందులో లేని విద్య లోకంలోనే లేదని నేను గట్టిగా నమ్మిన రోజుల్లో, పుత్తూరులో మా మేనమామ దగ్గర నాదస్వరం నేర్చుకునేవాణ్ణి. నేర్చుకోవడమంటే నేను ఊదడం, ఆయన తల పట్టుకోవడం. నా పంచమం ఎప్పుడూ జానెడు కిందికి జారేది. (విరిగిన చేతికి పుత్తూరు కట్టు కట్టించుకోవడానికి మా వీధికొచ్చినవాళ్లు అది విని, ఆ విరిగిన చేత్తోనే చెవులు మూసుకున్నారని అత్త ఇప్పటికీ చెబుతుంది.) చివరికి మామ విసిగిపోయి, "ఆదివారం నగరి పెళ్లిలో గట్టిమేళం నువ్వే ఊదు. శ్రుతి తప్పినావంటే ఇంక జన్మంతా శ్రుతిపెట్టె పట్టుకోని కూసోవాల్సిందే" అని తేల్చేశాడు.

వెంటనే ఫోనులో శ్రుతి చూపే ఆప్ ఒకటి ఎక్కించుకున్నాను. స్వరం సరిగ్గా పలికితే సూది నడిమధ్య నిలిచి పచ్చగా వెలుగుతుంది, తప్పితే ఎర్రబడుతుంది. అది ఎర్రబడేది, దాన్ని చూసి నేను ఎర్రబడేవాణ్ణి. గమకం వేస్తే సూదికి పూనకమొచ్చేది కాబట్టి గమకాలే మానేశాను. శనివారానికి పంచమం పచ్చబడింది. అక్కడితో సంగీత చరిత్ర ముగిసిందనుకున్నాను.

పెళ్లిలో ఫోను ఒళ్లో పెట్టుకుని, దానిమీదే చూపు నిలిపి పంచమం పట్టాను. సూది పచ్చదనానికి వెంట్రుకవాసి దూరంలో ఊగుతోంది. అవతల పురోహితుడు గట్టిమేళం కోసం చెయ్యెత్తి వేలు ఊపుతున్నాడట, పెళ్లికొడుకు తాళి పట్టుకుని బొమ్మలా నిలబడ్డాడట, డోలు వాయించే పెద్దాయన నేనెప్పుడు అందుకుంటానా అని నా మొహమే చూస్తున్నాడట. నేను ఊపిరి కోసం ఆగిన ఆ ఒక్క క్షణంలో పెళ్లికొడుకు మేనత్త మండపం అదిరేలా తుమ్మింది. (అలాంటి తుమ్ములు వినబడకూడదనే కదా గట్టిమేళం.) ఆ తుమ్ముకు నా సూది నడిమధ్య నిలిచి, నాలుగు రోజుల్లో ఎన్నడూ లేనంత పచ్చగా వెలిగింది.

మామ తన నాదస్వరం అందుకుని పెళ్లిని కాపాడాడు. తర్వాత వంటశాల వెనక నిలబెట్టి, "అయ్యోరి వేలు సూడకుండా యాడ సూస్తా ఉంటివిరా?" అన్నాడు.

"శ్రుతి తప్పలేదు గదా మామా" అన్నాను.

"శ్రుతి తప్పలేదప్పా. పెళ్లే తప్పబోయింది."

శ్రుతిపెట్టెతో రెండేళ్లు కూర్చుని, ఆ తర్వాత ఆ విద్యకే దండం పెట్టేశాను. ఇప్పుడు పెళ్లిళ్లకు భోజనానికి మాత్రమే వెళుతున్నాను. అయినా పంక్తిలో ఎవరైనా రసం కోసం వేలెత్తి ఊపితే చాలు, నా బుగ్గలు వాటంతటవే ఉబ్బుతాయి.