ఒక్క ఇంటి పొగ

జనగామ దగ్గరి మా పుట్టింటి ఊళ్లో, మిలిటరీ వచ్చి గుట్ట మీద క్యాంపు వేసిన ఏడాది, వాడ పెద్దలు ఒక కట్టుబాటు పెట్టారు. తెల్లవారుజామున అందరూ ఒకేసారి పొయ్యి ముట్టించాలి. రెండు పూటలకూ వండుకుని, పొద్దెక్కేసరికి ఆర్పేయాలి. వేళకాని వేళ ఒక్క ఇంటి కప్పు మీద పొగ లేస్తే, ఆ ఇంట్లో అడవిలోని దళానికి వండుతున్నారని గుట్ట మీదివాళ్ల అనుమానం. కింది వాడలో ఒకామె మిట్టమధ్యాహ్నం ఆముదం కాచినందుకే ఆమె పెనిమిటిని కట్టి తీసుకుపోయారు. ఆయన మళ్లీ రాలేదు.

కట్టుబాటు మంచిదే, కాదనను. కానీ పొయ్యి గురించి ఆ కట్టుబాటు చేసినవాళ్లలో పొయ్యి ఊదిన మనిషి ఒక్కరూ లేరు.

నేను అప్పుడు పచ్చి బాలింతను. కాలేజీ చదువు తర్వాతి సంగతి. నోరు మాత్రం అప్పటికే ఉంది. ముసురు పట్టి విడవడం లేదు. మూడో రోజు పగటిపూట పాప ఒళ్లు చల్లబడింది. పాలు పట్టడం లేదు, ఏడవడం లేదు. మా అమ్మను అవ్వ అనేవాళ్లం. అవ్వ పాపను నా కడుపుకు ఆనించి గొంగడి కప్పింది. లాభం లేదు. పొద్దుటి నిప్పులు ఆరిపోయాయి. పిడకలు తడిసి ఉన్నాయి. ముట్టిస్తే వాటి పొగ మానుకోట దాకా కనిపిస్తుంది.

కబురు పెడితే వాడ పెద్ద వచ్చాడు. మా బాపు తమ్ముడే, నాకు కాక. పురిటి గది కాబట్టి గడప అవతలే నిలబడ్డాడు.

"కాకా, నీళ్లు కాగాలె. పిల్ల సల్లవడ్డది."

"రేపు తెల్లారంగ కాగవెడుదం బిడ్డా. జర ఓర్సుకో."

"నేను ఓర్సుకుంట. పిల్లకు ఎవలు చెప్పాలె, నువ్వు చెప్తవా?"

"గిప్పుడు పొగ లేస్తె మీ బాపును తీస్కపోతరు. ఎరుకేనా?"

"ఒక్కింట్ల లేస్తెనే గద! అన్నిండ్లల్ల ముట్టియ్యుమను. ఎవలెవల్ని వట్కపోతరో చూద్దం."

"పిస్స లేసిందా నీకు? వాడ మొత్తాన్ని పట్టిస్తవా?"

అవ్వ పాపను ఎత్తుకుని గడప దాకా వెళ్లి, అంటూ మైలా చూడకుండా కాక చేతుల్లో పెట్టింది. ఆ చల్లదనం కాకకు తగిలింది. పాపను తిరిగి ఇచ్చి వానలోకి వెళ్లిపోయాడు.

కాసేపటికి మా వాడ కప్పులన్నీ పొగ కక్కాయి. అన్ని పొయ్యిల మీదా ఉత్త నీళ్లే పెట్టాలని కాక ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు. పక్కింటి వదినె మాత్రం, మంట ఊరికే పోతుంది కదా అని, పెద్ద కుండలో జొన్నరవ్వ పోసి గటక ఉడకబెట్టింది. మంటను వృథా పోనివ్వడం మా ఆడవాళ్లకు చేతకాదు.

జవాన్లు గుట్ట దిగారు. వెంట తెలుగు తెలిసిన పోలీసు. ఇంటింటా మూతలు తీసి చూశారు. అంతటా నీళ్లు. వదినె ఇంట్లో గటక. గోడ అవతలి మాటలు నాకు వినిపిస్తూనే ఉన్నాయి.

"ఎవలకు గింత గటక?"

"బాలింతకు," అంది వదినె. భయానికి ఆ ఒక్క మాటే వచ్చింది ఆమెకు.

"బాలింతకు గటక వెడ్తరా? నాకు తెల్వదనుకున్నవా? నడువు!"

నిజమే. బాలింతకు వెల్లుల్లి కారంతో అన్నమే పెడతారు, గటక ముట్టనివ్వరు.

"నాకే!" అని మంచం మీంచి అరిచాను. "ఇంట్లున్న బియ్యం మీ క్యాంపోళ్లే ఎత్కపోయిరి. గటక గాక మన్ను తినాల్నా? తే వదినే, ఆకలైతున్నది!"

వదినె కుండతో సహా వచ్చింది. పోలీసు గడప దగ్గర నిలబడి చూస్తుంటే తిన్నాను. నాలుక కాలింది. అవ్వ కళ్లు మూసుకుంది. "ఇంకింత వెయ్యి," అన్నాను, అతన్నే చూస్తూ. ఒళ్లో పాప కదలడం లేదు. అతనూ కదలడం లేదు. నేను మింగుతూనే ఉన్నాను. చివరికి అతని చూపు పాప మీద పడింది. జవాన్లతో వాళ్ల భాషలో ఏదో చెప్పాడు. "తొందరగ తానం పొయ్యిండ్రి," అని మాకు చెప్పి వెనక్కి తిరిగాడు.

అవ్వ కాళ్లు చాపి పాపను వాటి మీద వేసుకుంది. వదినె ఇళ్లిళ్ల నుంచి నీళ్లు తెచ్చి అందిస్తుంటే ఆగకుండా పోసింది. ఒళ్లు ఎర్రబడింది. ముందు ఒక మూలుగు, తర్వాత వాడంతా వినిపించేంత ఏడుపు. తుడిచి నా ఒళ్లో వేయగానే రొమ్ము అందుకుంది.

ఆ గటకకు నాకు కడుపునొప్పి, అవ్వ తిట్లు మిగిలాయి. మరునాడూ ముసురే. అదే వేళకు కాక మా వాకిట్లో నిలబడి, వాడంతా వినేట్టు కేక వేశాడు.

"ఊ, ముట్టియ్యిండ్రి! ఉత్త నీళ్లే!"